అరిగిన ముఖం

కార్స్ ఊళ్ళో జనవరి అంటే
తలుపు తీయగానే మీసం గడ్డకట్టే నెల.
సరిగ్గా ఆ నెలలోనే మా ఎల్చిన్‌కి
బళ్ళో స్ఫటికం పెంచమన్నారు.
పెంచడమట!
అదేదో గొర్రెపిల్ల అయినట్టు.

నా కొట్లో పటిక దిమ్మ ఒకటుండేది.
గడ్డం గీశాక రుద్దేది.
ఎన్ని చెంపల మీద జారిందో
సబ్బుబిళ్ళలా నున్నబడిపోయింది.
పటికలోనే స్ఫటికం దాక్కుందని
ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

పిల్లలు దాన్ని సుత్తితో పొడిచేసి
మరిగిన నీళ్ళలో పోశారు.
"ఇంకా పడుతుందా నాన్నా?"
"వేసి చూడు."
ఒక చెంచా. ఇంకో చెంచా.
ఇక చాలని చివరికి నీళ్ళే చెప్పాయి,
పొడిని కరిగించకుండా అడుగున వదిలేసి.

మొదటిసారి సీసాను కిటికీ గట్టు మీద పెట్టారు.
బయట మైనస్ ఇరవై రెండు.
తెల్లారేసరికి సీసా నిండా రవ్వ,
తడిసిన పంచదారలా.
ఓనుర్ ఏడ్చాడు.
ఎల్చిన్ నోట్‌బుక్ తీసి రాసింది: తొందరపడ్డాం.
"మనం కాదు, నీళ్ళు తొందరపడ్డాయని రాయి"
అన్నాడు వాడు ముక్కు తుడుచుకుంటూ.

రెండోసారి నా తువ్వాళ్ళు పనికొచ్చాయి.
వేడి తువ్వాలు చుట్టడం నాకు వచ్చిన విద్య:
మెడ దగ్గర బిగువు, ముక్కు దగ్గర వదులు.
సీసాకి ముక్కు లేదు కనక
అంతా బిగువే చుట్టాను.

గింజంత స్ఫటికాన్ని వేలాడదీయాలి.
దారమైతే, పీచు పీచుకీ
పిల్ల స్ఫటికాలు పుట్టుకొస్తాయట.
వాళ్ళమ్మ నెర్గిజ్ దీపం కిందికి తల వంచింది.
ఓ నెరిసిన వెంట్రుక ఏరి పీకి ఇచ్చింది.
"ఇదైతే గట్టిది. పోయినా బెంగ లేదు."

ఆ తర్వాత ఇల్లంతా పిల్లినడక నేర్చింది.
టీ గ్లాసులో చెంచా తిప్పినా
ఓనుర్ వేలు పెదాల మీదికి వెళ్ళేది.
రాత్రి వాడు తువ్వాలు ఎత్తి తొంగి చూడబోతే
చీకట్లోంచి వాళ్ళక్క గొంతు:
"చూస్తే పెరగదు."
అది సైన్సు కాదు. అయినా వాడు నమ్మాడు.

పద్దెనిమిదో రోజున తీశారు.
నా బొటనవేలి కొసంత.
ఎనిమిది ముఖాలు.
చెంపజుట్టు రెండువైపులా సమంగా దింపడానికి
ఇప్పటికీ అద్దంలో మూడుసార్లు చూసుకుంటాను నేను.
ఇది తువ్వాలు కింద, అద్దం లేకుండా,
ఎవరినీ అడక్కుండా
తన అంచులు తానే దిద్దుకుంది.

మర్నాడు బడికి తీసుకెళ్ళాలి.
ఆ సాయంత్రం దూదిలో పెట్టుకుని
కొట్టుకొచ్చారు ఇద్దరూ, చూపించడానికి.
కుర్చీలో రైల్వే హిక్మెత్ గారు.
ఓనుర్ ఏదో అన్నాడు, ఆయన నవ్వాడు,
నా కత్తి కరిచింది.
గవద కింద ఎర్రటి పూస.

అలవాటుగా చెయ్యి అలమరలోకి వెళ్ళింది.
పటిక గిన్నె ఖాళీ.
ఉన్నదంతా సీసాలో పోశాం కదా.

నేనేమీ అడగలేదు.
ఎల్చిన్ దూది విప్పింది.
స్ఫటికాన్ని నీళ్ళలో ముంచి
తానే రుద్దింది, నాలిక కొస కరుచుకుని,
నేను రుద్దేటప్పుడు కరుచుకున్నట్టే.
"మండుతోందా తాతా?"
"మండుతోంది. ఇంకాస్త రుద్దు."

రక్తం ఆగింది.
ఒక ముఖం మసకబారింది, ఓ అంచు గుండ్రమైంది.
"మళ్ళీ సీసాలో వేద్దాం, నాలుగు రోజుల్లో పూడుతుంది" అన్నాను.
తల అడ్డంగా ఊపింది.

బళ్ళో బల్ల మీద అలాగే పెట్టింది,
నెరిసిన వెంట్రుక ఇంకా దానికే ఉంది.
పక్కన నోట్‌బుక్,
పరిశీలనలు అన్నచోట పెన్సిలుతో:
ముఖాలు ఎనిమిది.
అందులో ఒకటి కొంచెం
హిక్మెత్ తాత గడ్డం దగ్గర ఉంది.